గోరింటాకు కింద ఎరుపు

చల్లపల్లి దాటాక కాలువ మీద ఉన్న లాకు దగ్గర లస్కరు ఎవరని అడిగితే చుట్టుపక్కల ఊళ్ళలో సగం మందికి కొండలరావు పేరు చప్పున గుర్తుకు రాదు. కృపావతి మొగుడు అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి ఇల్లు చూపిస్తారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా షట్టర్లు ఎత్తి దించుతున్న మనిషి ఆయన. ఆయన మర తిప్పకపోతే చివరి పొలాలకు చుక్క నీరు చేరదు. అయినా ఊళ్ళో ఆయనకు సొంత పేరంటూ నిలవలేదు. దానికి ఆయన నొచ్చుకోకపోగా లోలోపల కాస్త మురిసిపోయేవాడు కూడా.

కృపావతి నాట్ల ముఠాకు మేస్త్రి. పదహారు మంది ఆడవాళ్ళు ఆవిడ మాట మీద నడిచేవాళ్ళు. ఆషాఢం వచ్చిందంటే పామర్రు నుంచి, తోట్లవల్లూరు నుంచి రైతులు ఫోన్లు చేసేవారు. ఆవిడ ఎత్తకపోతే నారు ముదిరిపోతుందని కంగారుపడేవారు. మడిలో దిగితే వంచిన నడుం ఎత్తేది కాదు. ఎడమచేత్తో కట్ట విప్పుతూ, కుడిచేత్తో గుచ్చుతూ వెనక్కి వెనక్కి పోతుంటే ఆ వేళ్ళు ఎప్పుడు బురదలోకి వెళ్ళాయో ఎప్పుడు పైకి వచ్చాయో చూసేవాళ్ళకు అందేది కాదు. నోరు కూడా అంత చురుకైనదే. గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ రైతెవరైనా కుదుళ్ళు దూరమవుతున్నాయని సణిగితే, "అయితే మీరు దిగండి బాబూ, మేం గట్టు మీద నించుంటాం" అనేది. ఆ తర్వాత ఆ రైతు సాయంత్రం దాకా నోరెత్తేవాడు కాదు.

నాట్లు మొదలయ్యే ముందు ముఠా అంతా గోరింటాకు పెట్టుకోవడం అక్కడి ఆనవాయితీ. రోజంతా బురదలో నానితే కాలివేళ్ళ సందులు పాచిపోతాయి, అరచేతులు చిరుగుతాయి. గోరింటాకు పెట్టుకుంటే చర్మం గట్టిపడుతుందని, ఒంటికి చలవ చేస్తుందని వాళ్ళ నమ్మకం. ఒక ఏడాది చర్చిలో పాస్టరుగారు ఆడవాళ్ళ అలంకారాల మీద గట్టిగా వాక్యం చెప్పి, చివర్లో వీళ్ళ చేతుల వంక చూశాడు. ఆరాధన అయ్యాక కృపావతి ఆయన దగ్గరికే వెళ్ళి, "అయ్యగారూ, ఇది సోకు కాదండీ. మడిలోకి చెప్పులేసుకుని దిగలేం గదా, ఇయ్యే మా చెప్పులు" అంది. పాస్టరుగారు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అలాంటి మనిషికి క్రిస్మస్ వెళ్ళగానే కడుపునొప్పి పట్టుకుంది. గ్యాస్ అనుకున్నారు, మొలలనుకున్నారు. బందరులో ఒక డాక్టరు పరీక్షలు రాసి, ఆ కాగితాలు చూసి విజయవాడ వెళ్ళమన్నాడు. పెద్దపేగులో గడ్డ. మార్చిలో ఆపరేషన్ చేసి జానెడు పేగు తీసేశారు. కుట్లు మానాక క్యాన్సర్ డాక్టరమ్మ బిళ్ళలు రాసింది. పొద్దున నాలుగు, సాయంత్రం మూడు. రెండు వారాలు వేసుకుని ఒక వారం ఆపాలి. అలా ఎనిమిది విడతలు. ఎనిమిదీ పూర్తి చేస్తే జబ్బు మళ్ళీ వచ్చే అవకాశం తగ్గుతుందని చెప్పింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో లెక్కపెట్టుకున్నది ఆ ఎనిమిదినే.

సెలైన్‌లా ఎక్కించే మందు కాదనీ, జుట్టు ఊడదనీ తెలిసి ఊరంతా సంతోషించింది. కొందరు మరీ ఎక్కువ సంతోషించారు. "బిళ్ళలే గదా, జొరానికి మింగినట్టు మింగడమే" అన్నారు. నిండా జడతో ఆవిడ వీధిలో కనపడితే, వెనకాల ఇదేం క్యాన్సరో అని మూతి తిప్పిన మహాతల్లులూ ఉన్నారు. జుట్టు ఊడి, ఒళ్ళు చిక్కి, మంచం పడితే తప్ప జబ్బును నమ్మని లోకం ఇది. మనిషి బాగా కనపడటం కూడా తప్పే.

మందు ఇచ్చిన రోజున నర్సు జాగ్రత్తలన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. అన్నం తిన్న అరగంటలోపు వేసుకోవాలి. అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడితే చెప్పాలి. మంటపుడితే చెప్పాలి. విరేచనాలు ఎక్కువైతే బిళ్ళలు ఆపేసి ఫోన్ చేయాలి. కొండలరావు దారి పొడుగునా వాటిని మననం చేసుకుంటూ వచ్చాడు. కాలువలో ఎన్ని అడుగుల నీరుందో గుర్తుపెట్టుకునే బుర్ర అది. ఒక్కటి కూడా మరిచిపోలేదు. అన్నీ గుర్తుండి కూడా జరగాల్సింది జరిగింది, అదే ఈ కథలో బాధ.

మొదటి రెండు విడతలు పెద్ద ఇబ్బంది లేకుండా గడిచాయి. వికారం, నోట్లో పూత, అన్నం సయించకపోవడం. వాటిని ఆవిడ లెక్కచేయలేదు. జూన్‌లో మూడో విడత నడుస్తుండగా ఒక పొద్దున టీ గ్లాసు పట్టుకోబోయి వదిలేసింది. గ్లాసు దొర్లి టీ అంతా ఒలికిపోయింది.

"చేతులు మండుతున్నాయయ్యా. కారం నూరినట్టుంది. కాళ్ళు కూడా" అంది.

కొండలరావు ఆవిడ చేతులు పట్టుకుని వెలుగులోకి తెచ్చి చూశాడు. ముప్పై ఏళ్ళ బురదకు కాయలు కాసి, నల్లగా మొద్దుబారిన అరచేతులు అవి. వాటిలో ఎరుపు ఎక్కడ వెతకాలో ఆయనకు తెలియలేదు. మంట మాత్రం ఉంది. మంటకు ఆయనకు తెలిసిన మందు ఒక్కటే. లాకు దగ్గర కాలువగట్టున గోరింటాకు చెట్టుంది. వెళ్ళి తువ్వాలు నిండా ఆకు కోసుకొచ్చాడు. కొంచెం నిమ్మరసం పిండి రోట్లో మెత్తగా రుబ్బాడు. ఆవిడని వసారాలో కూర్చోబెట్టి అరచేతుల నిండా, అరికాళ్ళ నిండా పట్టించాడు.

ముఠాలో పెద్దది తాతమ్మ, వయసు అరవై దాటింది. అయినా మేస్త్రి అన్న గౌరవంతో కృపావతిని అక్కా అనే పిలిచేది. అప్పుడే ఆ దారిన వెళ్తూ గుమ్మంలో ఆగిపోయింది.

"ఓయబ్బో, బావ చేత పారాణి పెట్టించుకుంటందే మా అక్క. మా ఇంటాయన కాటికి పోయేదాకా నాకు మంచినీళ్ళు కూడా ఇచ్చెరగడు" అంది.

"నీకు నోరెక్కువ, అందుకే ఇవ్వలేదు" అంది కృపావతి. చాలా రోజుల తర్వాత ఆవిడ నవ్వడం చూసి కొండలరావు కూడా నవ్వాడు.

గోరింటాకు చల్లదనానికి మంట తగ్గింది. ఆవిడ మధ్యాహ్నం రెండు గంటలు హాయిగా నిద్రపోయింది. నాలుగు రోజులకు మళ్ళీ మండితే మళ్ళీ పెట్టాడు. ఆషాఢం వచ్చేసరికి మూడుసార్లు పెట్టాడు. చేతులు గాజుల దాకా పండిపోయాయి. మంటపుడితే చెప్పాలన్న మాట ఆయనకు గుర్తుంది. కానీ మంట తగ్గిపోయింది గదా, తగ్గినదాని గురించి డాక్టరమ్మను విసిగించడం ఎందుకనుకున్నాడు. ఎర్రబడితే చెప్పాలన్న మాటా గుర్తుంది. గోరింటాకు పెట్టుకుంటే ఎర్రబడక ఏమవుతుంది?

జూన్ నెలాఖరున పరీక్షకు వెళ్ళారు. బయట బెంచీల మీద చోటు లేక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. లోపల డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితాలు చూసి తల ఊపి, చేతులు చూపించమంది. కృపావతి రెండు చేతులూ చాపింది.

"అబ్బో, బాగా పండిందే" అంది డాక్టరమ్మ.

"మా ఇంటాయన పెట్టాడండీ."

పక్కనున్న నర్సు కొండలరావు వంక చూసి నవ్వింది. "చేతుల్లో మంటలు ఏమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఉండిందండీ. ఇప్పుడు తగ్గింది."

డాక్టరమ్మ ఇంకేదో అడగబోయింది. తలుపు దగ్గర ఎవరో కళ్ళు తిరిగి పడిపోయారని కేకేశారు, ఆవిడ లేచి వెళ్ళింది. తిరిగొచ్చి కాగితం మీద నాలుగో విడత రాసి ఇచ్చేసింది. అవే బిళ్ళలు, అన్నే బిళ్ళలు. ఆవిణ్ణి తప్పుపట్టడానికీ మనసొప్పదు. ఆ గదిలో ఆ రోజు అందరికన్నా తృప్తిగా ఉన్నది కొండలరావే. డాక్టరమ్మ తన చేతిపని మెచ్చుకుందని ఆయన బస్సెక్కేదాకా గర్వంగానే ఉన్నాడు. తర్వాత ఆయన తనలో క్షమించుకోలేకపోయింది ఆ గర్వాన్నే.

నాలుగో విడత మొదలైన అయిదో రోజుకు గోరింటాకు పని చేయడం మానేసింది. పెట్టగానే మంట ఇంకా రేగేది. అరికాళ్ళ మీద నీటిపొక్కులు లేచాయి. ఆవిడ మడమల మీద నడవడం మొదలుపెట్టింది. డాక్టరుకు ఫోన్ చేద్దామంటే ఒప్పుకోలేదు.

"చేస్తే ఏం చెప్తారు, ఆపమంటారు. ఎనిమిదిట్లో సగానికి రాలేదు. ఆపితే మళ్ళీ ఆ గడ్డొచ్చి కూర్చుంటే ఎవడు తీస్తాడు? నాట్లలో కాళ్ళు పాచిపోయినప్పుడు ముఠా ఆపానా నేను?"

ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళి, చేయకుండానే తిరిగొచ్చాడు. చేస్తే ఆవిడ మాట కాదన్నట్టవుతుంది. చేయకపోతే ఏమవుతుందో ఆయనకు తెలియదు. ఆవిడ మాట కాదనడం ఆయనకు అలవాటు లేని పని.

అప్పటికి కాలువలకు నీళ్ళు వదిలారు. చివరి భూముల రైతులు లాకు దగ్గర కాపు కాశారు. కొండలరావుకు పగలంతా గట్టు మీదే సరిపోయింది. ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తే ఆవిడ లేదు. వెతుక్కుంటూ వెళ్తే ఊరి పక్క మడిలో, ముఠా నాట్లు వేస్తున్నచోట, చీర మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని బురదలో నిలబడి ఉంది. నాటు వేయడం లేదు. ఊరికే నిలబడింది.

"ఏం పని ఇది? రా బయటికి" అన్నాడు.

"బురద చల్లగా ఉందయ్యా. కాసేపుండనీ" అంది. ఆ గొంతులో మేస్త్రి లేదు. ఏదో అడుక్కుంటున్నట్టు ఉంది. ఆయన ఉండనిచ్చాడు. ఆ నీళ్ళు పొద్దున తాను వదిలినవే. వాటివల్లనైనా ఆవిడకు కాస్త సుఖం కలిగిందని ఏడుపూ సంతోషమూ కలగలిసి వచ్చాయి ఆయనకు. బయటికి వచ్చాక బిందెతో కాళ్ళు కడుగుతుంటే పొక్కుల చర్మం బురదతో పాటు ఊడి ఆయన చేతిలోకి వచ్చింది.

మర్నాడు పొద్దున తాతమ్మ ఫోన్ చేసింది. "బావా, నువ్వు తొందరగా రా. అక్క బాత్రూం దగ్గర కూలబడిపోయింది. నిన్నటి నుంచి పదిహేనుసార్లు వెళ్ళిందంట. నీకు చెప్పొద్దంది."

షట్టరు సగం ఎత్తి ఉంది. దాన్ని అలాగే వదిలేసి సైకిలెక్కాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన అలా వదిలేసి రావడం అదే మొదలు. ఆవిడ కళ్ళు లోతుకు పోయాయి. నాలుక పిడచగట్టుకుపోయింది. ఆటోలో బందరు తీసుకెళ్తే సెలైన్ పెట్టి, ఆలస్యం చేయకుండా విజయవాడ తీసుకెళ్ళమన్నారు. కూతురు ప్రేమ గుడివాడలో కాన్పయి పదిరోజుల పసిగుడ్డుతో ఉంది. ఫోన్లో ఏడవడం తప్ప ఆ పిల్ల మాత్రం ఏం చేయగలదు. "బిళ్ళలు ఆపేశారా నాన్నా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆ పొద్దునే ఇడ్లీ ముక్క తినిపించి నాలుగు బిళ్ళలూ తానే అందించానని ఆయన కూతురికి చెప్పలేకపోయాడు.

విజయవాడలో అదే డాక్టరమ్మ వచ్చింది. ఈసారి కృపావతి చేతులు వెలుగులో పెట్టి, వేలితో నొక్కి నొక్కి చూసింది. గోరింటాకు రంగు చర్మంతో సహా పొరలు పొరలుగా లేచిపోయి, కింద పచ్చి పుండులా ఎర్రగా ఉంది. వేళ్ళ కొసలు పగిలి నెత్తురు కారుతోంది.

"ఇది మొన్న మీరొచ్చినప్పటికే మొదలై ఉంటుంది. అప్పుడే బిళ్ళలు ఆపి, ఇది తగ్గాక మోతాదు తగ్గించి ఇచ్చేదాన్ని. నాకు కనపడలేదు" అంది.

"గోరింటాకు నేనే పెట్టానండీ. మంటకి చలవ చేస్తదని" అన్నాడు కొండలరావు.

డాక్టరమ్మ కృపావతి చేతులు మెల్లగా దుప్పటి మీద పెట్టింది. "గోరింటాకు చెడ్డది కాదండీ. దాని ఎరుపు కింద మందు ఎరుపు కనపడకుండా పోయింది, అంతే. ఆ రోజు నేనూ ఇలా నొక్కి చూడాల్సింది" అంది.

తిడుతుందని ఆయన తల వంచుకుని సిద్ధంగా ఉన్నాడు. తిట్టి ఉంటే కొంచెం తేలికపడేవాడేమో. తప్పు సగం ఆవిడ తీసుకుంటే మిగతా సగం ఆయనకు మొత్తంకన్నా బరువైపోయింది.

పదకొండు రోజులు అక్కడే ఉన్నారు. బిళ్ళలు ఆపేశారు. ఆవిడ బతికింది. ఇంటికి వచ్చాక కంచంలో చేయి పెట్టలేకపోయింది. ఉప్పు తగిలితే ప్రాణం పోయినంత పనయ్యేది. ఆయన ముద్దలు కలిపి పెట్టేవాడు. మొదటి ముద్దకు ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. రెండో ముద్దకు నోరు తెరిచింది. చీర కుచ్చిళ్ళు తాతమ్మ వచ్చి పెట్టి వెళ్ళేది. ఆవిడ ఫోను ఆవిడ వేలిని గుర్తుపట్టడం మానేసింది. రైతుల ఫోన్లు మోగి మోగి ఆగిపోయేవి. ఆ ఏడాది ముఠాను తాతమ్మ నడిపించింది. వీధిలో కూర్చుంటే పోయేవాళ్ళు ఆగి, "జుట్టు బాగానే ఉంది గదా, త్వరలోనే లేస్తావులే" అని చెప్పి వెళ్ళేవారు. వెనకటి కృపావతి అయితే ఆ మాటకు వాళ్ళని కాలువ దాకా తరిమేది. ఇప్పుడు తల మాత్రం ఊపింది. అది చూసి కొండలరావుకు ఆ పుండ్లకన్నా ఎక్కువ భయం వేసింది.

ఆగస్టులో చర్మం పలచగా, పసిపిల్ల చర్మంలా కొత్తగా వచ్చాక మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

"రెండు దారులున్నాయి. మందు తగ్గించి, పొద్దున మూడు, సాయంత్రం రెండు చొప్పున మళ్ళీ మొదలుపెట్టొచ్చు. చేతులు మళ్ళీ ఇలా అవవని మాట ఇవ్వలేను. ఇంత కాకపోవచ్చు. లేదంటే ఇక్కడితో ఆపేసి పరీక్షలు చేసుకుంటూ కనిపెట్టి చూడొచ్చు" అంది.

"ఆపితే మళ్ళీ వస్తదాండీ?" అని అడిగాడు ఆయన.

"రావచ్చు, రాకపోవచ్చు. వేసుకున్నా అంతే. వేసుకుంటే వచ్చే అవకాశం తక్కువ. నేనైతే వేసుకోమనే అంటాను. కానీ బాధపడేది ఆవిడ. ఇద్దరూ మాట్లాడుకుని చెప్పండి."

తిరుగు ప్రయాణంలో బస్సు పామర్రులో ఆగింది. కిటికీ పక్కన జామకాయలమ్మే మనిషి కేకలేస్తున్నాడు. కృపావతి చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని వాటినే చూస్తూ, "నువ్వు చెప్పు. వేసుకోనా, మాననా?" అంది.

ఆయన విననట్టు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆవిడ రెట్టించలేదు. రెట్టించి ఉంటే, అడిగింది వెనకటి కృపావతే అని ఆయనకు నమ్మకం కుదిరేది.

మూడు రోజులు ఆయన ఆ ప్రశ్న మోసుకు తిరిగాడు. పాస్టరుగారిని అడిగితే, "దేవుని చిత్తమయ్యా, ప్రార్థన చేద్దాం" అన్నారు. చేశారు కూడా, నిజంగా కళ్ళనీళ్ళతో చేశారు. కాలువల ఆఫీసులో తన పైఅధికారి ఏఈగారిని అడిగితే డాక్టరు చెప్పినట్టు వినమన్నారు. డాక్టరు నిర్ణయం మాకే వదిలేసిందంటే ఆయనా ఏమీ చెప్పలేకపోయారు. కొండలరావు బతుకంతా ఎవరో ఒకరు ఎత్తమంటే ఎత్తాడు, దించమంటే దించాడు. ఆపమని చెప్పాక రేపు ఆ గడ్డ మళ్ళీ వస్తే తాను చంపినట్టే. వేసుకోమని చెప్పాక ఆ చేతులు మళ్ళీ ఊడిపోతే తాను ఒలిచినట్టే. రెండిట్లో ఏది ఓర్చుకోగలనా అని ఆలోచించాడు. ఏదీ ఓర్చుకోలేడు.

నాలుగో పొద్దున ఉప్మా తినిపిస్తూ, ఆవిడ కళ్ళలోకి చూడకుండా, "వేసుకో" అన్నాడు.

ఆవిడ ఎదురు చెబుతుందని ఆగాడు. నీకేం తెలుసయ్యా, నా చేతులా నీ చేతులా అని గయ్యిమంటుందని ఆశగా ఆగాడు. అలా అంటే చాలు, ఆ మాట వెనక్కి తీసేసుకుందామని గొంతులో సిద్ధంగా పెట్టుకున్నాడు.

"సరే" అంది కృపావతి.

బిళ్ళల అట్ట ఆవిడే అందుకుంది. కొత్త చర్మం వేళ్ళతో ఒకటి నొక్కి చూసింది. రేకు చిరగలేదు. మళ్ళీ నొక్కబోయి, నొప్పికి పెదవి కొరుక్కుని, అట్ట ఆయనకు ఇచ్చేసి నోరు తెరిచింది. ఆయన ఒక్కొక్కటీ ఒత్తి తీసి నాలుక మీద పెట్టాడు. గ్లాసు కూడా ఆయనే పట్టుకున్నాడు. మూడోది మింగాక ఆవిడ ముంజేత్తో మూతి తుడుచుకుని ఆయన వంక చూసింది.

"ఎందుకయ్యా మొహం అట్లా పెట్టావు, మింగింది నేను గదా" అంది.

ఆయన గ్లాసు కడిగి పెట్టాడు. సాయంత్రం అన్నం తిన్నాక మళ్ళీ రెండు వేయాలి.